జీవరత్నం నింపిన రెండువందల పన్నెండు కేరేజీలు

మా మేడ మీద వాటాలో ఉండే జీవరత్నం మెట్లు దిగుతుంటే టైపు మిషను కొట్టినట్టే ఉంటుంది. టకటకటక, మలుపు దగ్గర ఒక్క క్షణం ఆగి మళ్ళీ టకటక. చెరకు రైతుల సంఘం ఆఫీసులో పదహారేళ్ళు టైపు కొట్టిన మనిషి మరి. చల్లపల్లి పిల్ల, బడిపంతులుగారి అమ్మాయి. ముప్ఫై ఆరేళ్ళొచ్చాయి. పెళ్ళి మాట ఎత్తితే "ఖాళీ లేదు పిన్నిగారూ" అంటుంది. నేను ఎత్తుతూనే ఉంటాను.

డెబ్భై ఆరులో ఆ సంఘం వాళ్ళు రైతుల జాబితా కంప్యూటరుకి ఎక్కించాలనుకున్నారు. కంప్యూటరేమో హైదరాబాదులో ఉంది. ఎవరో ఒకరు వెళ్ళి దాని భాష నేర్చుకుని రావాలి. మంచి ఎండాకాలం. ఒక గుమాస్తాకి మామిడితోట కాపు, ఇంకొకాయనకి మరదలి పెళ్ళి, మూడో ఆయనకి హైదరాబాదు నీళ్ళు పడవు. చివరికి జీవరత్నం మిగిలింది. ఆరు వారాలుండి నేర్చుకుని వచ్చింది. రాగానే కిటికీ పక్కన కొత్త కుర్చీ, బల్ల వేశారు. టైపు మిషను ఇంకో అమ్మాయి చేతికి పోయింది.

ఆ నేర్చుకొచ్చిందేమిటో తెలుసుకోకపోతే నాకు అన్నం సహిస్తుందా? మెట్ల మీదే పట్టుకున్నాను.

"మీరు రోజూ పొద్దున్నే వరసగా పెట్టి నింపే కేరేజీలు ఉన్నాయి చూడండి పిన్నిగారూ, అచ్చం అదే" అంది.

నేను రోజూ నాలుగు కేరేజీలు కట్టి ఆఫీసులకి పంపుతాను. మొదటిది మా ఆయన రామకోటేశ్వరరావుగారికి, రెండోది ఎదురింటి మాణిక్యమ్మ కొడుక్కి, మూడోది జీవరత్నానికి, నాలుగోది ఆవిడ పై ఆఫీసరు తిరుపతిరావుగారికి. ఆయన కుటుంబం గుడివాడలో ఉంటుంది.

"ఒక్కో రైతు ఒక్కో కేరేజీ అనుకోండి. ప్రతి కేరేజీకీ నాలుగు గిన్నెలు. ఇంటిపేరు, పేరు, ఊరు, చెరకు నరికే తేదీ. అలాంటివి రెండువందల పన్నెండు వరసలో ఉంటాయి. ముందు వాటన్నిటినీ నింపి పెట్టాలి."

"ఏ గిన్నెలో ఏది పడాలో దానికెలా తెలుస్తుందే?"

"తెలీదు. నేను ఒకదాని తర్వాత ఒకటి కామాలు పెట్టి రాసిస్తాను. అది వరసగా నింపుకుంటూ పోతుంది, అంతే."

"కూరో పెరుగో వాసన చూడదూ?"

"దానికి ముక్కు లేదు పిన్నిగారూ."

ముక్కు లేని దాన్ని నమ్ముకుని చెరకు ఎలా నరుకుతారా అని నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

డిసెంబరులో జీవరత్నం కాగితాలు రాసింది. వాటిని చూసి, కంప్యూటరు చదవడానికి వీలుగా అట్టముక్కలకి చిల్లులు పొడిచి, పెట్టెలో పెట్టి హైదరాబాదు రైలెక్కించారు. సోమవారం జాబితా అచ్చై తిరిగొచ్చింది. తిరుపతిరావుగారు చదివి, జీవరత్నాన్ని పిలిచారట.

"ఏమండీ జీవరత్నంగారూ, ఆకునూరు అనే మనిషి, మార్చి తొమ్మిది అనే ఊళ్ళో కాపురం ఉంటున్నాడట. ఆ ఊరికి బస్సుందాండీ?"

గుమాస్తాలందరూ పడీపడీ నవ్వారట. హైదరాబాదు నీళ్ళు పడని ఆయన ఇంకాస్త గట్టిగా నవ్వాడట.

"ఇంకొక్కసారి పంపుదాం. శుక్రవారానికి సరిగ్గా వచ్చిందా సరే. లేకపోతే జాబితా గుమాస్తాలు చేత్తో రాసుకుంటారు, మీరు మళ్ళీ టైపు మిషను దగ్గరికే" అని ఖరాఖండిగా చెప్పేసి, జాబితా సొరుగులో పెట్టి తాళం వేశారట. తప్పు వెతుక్కోమని చివరి పేజీ ఒక్కటి చింపి ఇచ్చారు.

ఆ పేజీ పట్టుకుని జీవరత్నం మా వరండాలో కూలబడింది. ఇంగ్లీషు అక్షరాలు. నేను చదవలేను, ఆవిడే చదివింది. ఆ పేజీలో ప్రతి రైతుకీ ఇంటిపేరు ఉండాల్సిన చోట పేరు, పేరు చోట ఊరు, ఊరు చోట తేదీ. అందరికంటే చివర ఆకునూరులో ఉండే వెంకటకృష్ణారావుగారికైతే తేదీ చోట ఏమీ లేదు, తెల్లగా ఉంది.

"రాసినవన్నీ రెండుసార్లు సరిచూశాను పిన్నిగారూ. ఒక్క అక్షరం తప్పు లేదు. టైపు మిషనే నా మొహాన రాసిపెట్టి ఉంది."

మర్నాడు పొద్దున్నే ఆవిడని వంటింట్లోకి లాక్కొచ్చాను. "నువ్వు రాసి చదువు. నేను కంప్యూటరునవుతాను. ఏం జరుగుతుందో చూద్దాం."

"ఉత్త గిన్నెలతో చేద్దాం పిన్నిగారూ."

"ఉత్త గిన్నెలైతే నాకు బుర్రకెక్కదు" అని నాలుగు కేరేజీలూ వరసగా పెట్టి, ముక్కుకి కొంగు బిగించి కట్టుకున్నాను.

ఎవరికేం కావాలో నేను చెప్పాను, ఆవిడ కామాలతో రాసింది. అందరికీ అన్నం, వంకాయకూర, పులుసు, పెరుగు. మా ఆయనకి మాత్రం పులుసు వద్దు. పులుపు తింటే మోకాళ్ళు పట్టేస్తాయి. ఆవిడ చదవడం మొదలుపెట్టింది. నేను పక్కచూపులు చూడకుండా, కింద గిన్నె నుంచి పైకి, ఏది వినబడితే అది తర్వాతి గిన్నెలో వేసుకుంటూ పోయాను.

"అన్నం, కూర, పెరుగు, అన్నం, కూర, పులుసు, పెరుగు, అన్నం..."

చివరి పెరుగు దగ్గర ఆవిడ గొంతు ఆగింది.

"అయిపోయిందటే? మీ ఆఫీసరుగారి పై గిన్నె ఖాళీగా ఉంది."

జీవరత్నం ఆ గిన్నెలోకి తొంగి చూసింది. ఒక్క ఉదుటున మేడ మీదికి పరిగెత్తింది. ఏం చేస్తుందో చూడాలిగా, నేనూ వెనకే ఎక్కాను.

"చివరి గిన్నె ఖాళీ! చివరి రైతు తేదీ ఖాళీ!" అని పేజీ నా మొహం ముందు ఆడించింది. "బాబాయిగారి పులుసులాగే ఎవరిదో ఒక గిన్నె సరుకు రాయలేదు నేను. అక్కడినించీ అందరివీ ఒక గిన్నె ముందుకి జరిగిపోయాయి!"

మేము పైన గంతులేస్తుంటే, కేరేజీలు మోసే బాలశౌరి కింద వంటింట్లోకి వచ్చి, నాలుగూ సైకిలుకి తగిలించుకుని వెళ్ళిపోయాడు.

ఒంటిగంటకి మా ఆయన కేరేజీతో సహా ఇంటికొచ్చారు. "నాకు రెండు అన్నాలేమిటే? మధ్యలో ఈ పెరుగేమిటి?"

"పులుసు లేదు కదా, తినండి."

మాణిక్యమ్మ కొడుక్కి అడుగు గిన్నెలో కూర, పై గిన్నెలో అన్నం వచ్చాయి. వాడు తల కూడా ఎత్తకుండా తినేశాడట. తిరుపతిరావుగారికి మాత్రం అన్నమే లేదు. ఆయన హోటలుకి వెళ్ళి ఇడ్లీలు తిని వచ్చి, ఇదెవరి నిర్వాకమని అడిగారట. "నేను చదివానండి, పిన్నిగారు నింపారండి" అంది జీవరత్నం. ఆవిడ ఒంటిపూట సెలవు పెట్టి ఇంటికొచ్చేసింది.

చింతగింజలు పోసుకుని కూర్చున్నాం. తను రాసిన కాగితాలు ఆవిడ చదవడం, ఒక్కోదానికీ నేను ఒక గింజ వెయ్యడం. రైతులు రెండువందల పన్నెండు మంది కదా, ఎనిమిదివందల నలభై ఎనిమిది గింజలు పడాలి. ఒకటి తగ్గింది. మళ్ళీ మొదటినించీ నాలుగేసి చొప్పున పెట్టుకుంటూ వస్తే, నలభయ్యో రైతు దగ్గర మూడే పడ్డాయి. కాటూరులో ఉండే శౌరయ్య. పొలాలు తిరిగే ఫీల్డుమేను రాసుకొచ్చిన కాగితంలోనే ఇంటిపేరు లేదు. ఊళ్ళో శౌరయ్య ఒక్కడే అయితే ఇంటిపేరుతో ఎవరికి పని?

జీవరత్నం శౌరయ్య పేరుకి ముందు రెండు కొటేషను గుర్తులు పెట్టి, వాటి మధ్య ఏమీ రాయకుండా వదిలేసి, కామా పెట్టింది.

"ఏమీ రాయకపోవడానికి ఇంత హైరానా ఎందుకే?"

"ఏమీ లేదని కూడా చెప్పాలి పిన్నిగారూ. చెప్పకపోతే తర్వాతిది లాగేసుకుంటుంది."

అట్టముక్క మార్పించి, సాయంత్రం రైలుకి పెట్టె పంపించింది.

శుక్రవారం నాడు బాలశౌరిని ఆపేసి, తిరుపతిరావుగారి కేరేజీ నేనే పట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను. అన్నం కాస్త ఎక్కువే పెట్టాను. ఆ కేరేజీ లేకపోయినా వెళ్ళేదాన్నే అనుకోండి.

నేను వెళ్ళేసరికి జాబితా ఆయన బల్ల మీద ఉంది. గుమాస్తాలు ముగ్గురూ చుట్టూ మూగారు. జీవరత్నం నిలబడి ఉంది గానీ మడమ మాత్రం టకటక కొట్టుకుంటోంది. ఆయన వేలు ఒక్కో వరసా దిగుతోంది. నలభయ్యో వరసలో ఆగింది.

"మళ్ళీ ఖాళీ!"

హైదరాబాదు నీళ్ళు పడని ఆయన అప్పుడే సకిలించాడు.

"ఆ ఖాళీ నేను పెట్టిందేనండి" అంది జీవరత్నం. "ఆయన ఇంటిపేరు మన దగ్గర లేదు. తర్వాతి వాళ్ళవి చూడండి."

ఆయన చూశారు. ఇంకో పేజీ, ఇంకో పేజీ. చివరికి వెళ్ళారు. యలమంచిలి, వెంకటకృష్ణారావు, ఆకునూరు, మార్చి తొమ్మిది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు. గుమాస్తాలు ఒక్కొక్కరే తమ బల్లల దగ్గరికి జారుకున్నారు.

"ఈ వెంకటకృష్ణారావుగారింట్లో ఆ రోజు సీమంతమట. ఈయన తేదీ, పైనున్న ఆయన తేదీ అటూ ఇటూ మార్చాలి" అన్నారు.

"ఊరికే ఈయనది తీసి ఆయన దాంట్లో వేసేస్తే ఆయనది పోతుందండి. ముందు ఒకళ్ళది తీసి ఇంకో గిన్నెలో దాచి..."

"గిన్నెల మాట ఎత్తకండి! ఎప్పటికవుతుంది?"

"శనివారం పంపిస్తే మంగళవారానికొస్తుందండి."

ఇక నేను ఉండబట్టలేకపోయాను. "అంటే కుర్చీ మా అమ్మాయిదేనాండీ?"

తిరుపతిరావుగారు నన్ను చూశారు, కేరేజీ చూశారు. పై గిన్నెలన్నీ ఎత్తి, అడుగున అన్నం ఉందని నిదానంగా ధ్రువపరుచుకున్నారు.

"మంగళవారానికి ఈ పని కావాలి కదమ్మా? టైపు మిషను దగ్గర కూర్చుని ఆవిడ ఎలా చేస్తారు?"

జీవరత్నం అప్పటికే కిటికీ పక్కకి వెళ్ళి, కుర్చీ ముందుకి లాక్కుని, పెన్సిలు చెక్కుతోంది.