జయరాజ్ మూడు పొరల కోటు

జయరాజ్‌ది వీరులపాడు. జగ్గయ్యపేట దగ్గర ఒక రసాయనాల ఫ్యాక్టరీలో ఫైర్‌మన్. చేరిన కొత్తలో ఖాకీ బట్టలు, గమ్‌బూట్లు, హెల్మెట్ ఇచ్చారు. వాటితోనే చెత్తకుప్పలు, గడ్డివాములు, ఒకసారి రోడ్డు మీద పత్తి లారీ కూడా ఆర్పాడు. మోచేతి మీద మచ్చ ఆ లారీ పెట్టిందే.

పోయినేడు ఫ్యాక్టరీ వాళ్లు కొత్త ఫైర్ సూటు తెప్పించారు. సేఫ్టీ ఆఫీసరు కల్యాణ్ దాన్ని రెండు చేతుల మీద మోసుకొస్తుంటే ఎవరివో పెళ్లిబట్టలనుకున్నారు. పై పొర మంట తగిలినా అంటుకోదు, కరిగి కారదు. నడిమి పొర నీళ్లను రానివ్వదు, చెమట ఆవిరిని మాత్రం బయటికి పోనిస్తుంది. లోపలి పొర బొంతలా మెత్తగా ఉండి వేడిని ఆపుతుంది. సూటు ఒక్కటే, సైజు పెద్దది. దానికి తగ్గ ఒడ్డూ పొడుగూ జయరాజ్‌కే ఉన్నాయి. అర్హత అంతే.

"ఇది తొడుక్కుంటే నీకేం కాదు జయరాజ్," అన్నాడు కల్యాణ్.

"మంటల్లోనా సార్?"

"ఎక్కడైనా."

ప్రారంభోత్సవం మే నెలలో పెట్టారు. అతిథులకు షామియానా, కూలర్లు. జయరాజ్‌కు సూటు, ఎండ. ఎదురుగా ట్రేలో డీజిలు పోసి ఉంచారు. ఉపన్యాసాలు కాగానే అంటిస్తారు, అతను ఆర్పాలి. ఉపన్యాసాలు కాలేదు. చెమట బయటికి పోయే దారి ఉన్న మాట నిజమే గాని, బయట అంతకన్నా ఉడికిపోతోంది. చొక్కా తడిసింది, బూట్లు తడిశాయి, మైకులో మాటలు దూరమయ్యాయి. "ఈ సూటుండగా మన కార్మికుడికి వేడి సోకదు" అని ముఖ్య అతిథి అంటుండగా జయరాజ్ నిలువునా కూలిపోయాడు. డీజిలు ఇంకా అంటించనే లేదు.

నందిగామ ఆసుపత్రిలో సెలైన్ పెడుతూ డాక్టరమ్మ అడిగింది. "ఏం తగలబడిందయ్యా?"

"ఏం తగలబళ్లేదు మేడం. మీటింగు."

మర్నాడే ఫ్యాక్టరీలో నోటీసు అంటించారు: ఎండాకాలం ఫైర్ సూటు ధరించరాదు. మంటలు ఎక్కువగా ఎండాకాలంలోనే లేస్తాయన్న సంగతి నోటీసులో లేదు. సూటు బీరువాలోకి పోయింది, దానికి తాళం పడింది.

జయరాజ్ మళ్లీ డ్యూటీకి వచ్చిన వారంలోనే పీపాల షెడ్డు అంటుకుంది. హెల్పరు థామస్ లోపల చిక్కుకున్నాడు.

"బీరువా తియ్యండి సార్!" అని అరిచాడు జయరాజ్.

"నోటీసు..." అనబోయి కల్యాణ్ నాలిక్కరుచుకుని తాళం తీశాడు.

జయరాజ్ సూటు తొడిగి, గాలి సిలిండరు వీపున కట్టుకుని లోపలికి వెళ్లాడు. చుట్టూ మంటే. భుజాల మీద ఎవరో వెచ్చటి చేతులేసినట్టు అనిపించింది, అంతే. థామస్‌ను మూల నుంచి లాగి భుజానేసుకుని బయటికొచ్చాడు. థామస్‌కు కాళ్లు కాలాయి, ప్రాణం దక్కింది. జయరాజ్‌కు ఒక్క బొబ్బ లేదు.

"ఈసారి పడిపోలేదే!" అన్నాడు కల్యాణ్ నీళ్లు అందిస్తూ.

"మంట మీటింగు కన్నా తొందరగా ముగించిందండీ," అన్నాడు జయరాజ్. నవ్వి గ్లాసు ఖాళీ చేశాడు. థామస్ తల్లి ఆదెమ్మ పరుగున వచ్చి, మసి కోటును అలాగే వాటేసుకుని ఏడ్చింది. జయరాజ్ ఆమె తల మీద చెయ్యేసి నిలబడ్డాడు.

ఈ ఏడు ఫ్యాక్టరీ సేఫ్టీ సభ ఏసీ హాల్లో జరిగింది. ఎవరూ సొమ్మసిల్లకుండా, నందిగామ బట్టల షాపు నుంచి చీరల బొమ్మను తెచ్చి దానికి ఆ మసి కోటు తొడిగారు. సన్నటి భుజాల మీద నిలవక జారుతుంటే పిన్నీసులు గుచ్చారు. అతిథులంతా బొమ్మ పక్కన నిలబడి ఫోటోలు దిగారు.

జయరాజ్ చివరి వరసలో భార్య పరిమళ పక్కన కూర్చున్నాడు. ఆమె టైలరు.

"అంత గుడ్డకు పిన్నీసులేందండీ? చిల్లులు పడితే మంట లోపలికి రాదూ?"

"వాళ్లకు చెప్పానే. సభయ్యాక తీస్తారంట."

"మీతో ఒక్కరూ ఫోటో దిగలేదు," అంటూ పరిమళ లేచింది.

"దిగకపోతే పోయారు. హాలు చల్లగా ఉంది, కూర్చో."

ఆమె కూర్చోలేదు. ముందుకెళ్లి, మాట్లాడుతున్న అతిథి వెనకే నిలబడి పిన్నీసులు ఒక్కొక్కటే తీసేసింది.