కదలకండిగారి వీధి ఫోటోలు

పాస్‌పోర్టు ఆఫీసు ఎదురు సందులో మూడో కొట్టు ఆయనది. ముప్ఫై ఏళ్ళుగా అక్కడ స్టూలు మీద కూర్చున్న ప్రతి మనిషికీ ఆయన చెప్పింది ఒకటే పాఠం: గడ్డం కొంచెం పైకి, ఇటు చూడండి, నవ్వకండి, కదలకండి. ఆ ఆఖరి మాట ఎంత అలవాటైపోయిందంటే సందులో వాళ్ళు ఆయన అసలు పేరు ఎప్పుడో మరిచిపోయి కదలకండిగారు అనే పిలుస్తారు. ఆయనా పలుకుతాడు. పలక్క ఏం చేస్తాడు?

యాభై దాటాక ఆయనకొక పిచ్చి పట్టింది. వీధిలో మనుషులు తమ మానాన తాముండగా నలుపు తెలుపు రీలు మీద ఫోటోలు తీయాలి. లైబ్రరీ మేడమీద ఆదివారాలు కూడే ఫోటోల సంఘంలో చేరాడు. పాత కెమెరా దుమ్ము దులిపాడు. కొట్టు వెనక, ఎన్నేళ్ళుగానో చీపుర్లు పడేస్తున్న డార్క్‌రూమ్ ఖాళీ చేశాడు. అంతా బాగానే ఉంది కానీ, బటన్ నొక్కే ముందు నోరు ఊరుకోదే.

బస్సు కోసం పరిగెత్తే మనిషి కనిపించినా "కదలకండి" అనేవాడు. ఆ మనిషి పాపం ఆగిపోయేవాడు, బస్సు వెళ్ళిపోయేది. నడిరోడ్డు మీద కొట్టుకుంటున్న ఇద్దరు లారీ డ్రైవర్లు ఆ మాట వినగానే ఒకరి కాలరు ఒకరు వదిలేసి, చేతులు కట్టుకుని పక్కపక్కన నిలబడ్డారు. పావురాలు మాత్రమే ఆయన్ని లెక్కచేయలేదు.

సంఘం పెద్ద రిటైరైన డ్రాయింగు మాస్టారు. ఆ ఫోటోలన్నీ బల్ల మీద పరిచి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఊళ్ళో అందరికీ పాస్‌పోర్టులు ఇప్పిస్తున్నారా ఏమిటండీ? వచ్చే ఆదివారం ప్రాణమున్న ఫోటో ఒక్కటంటే ఒక్కటి పట్రండి, గోడ మీద పెడతాను. లేదంటే మీ కుర్చీ కోసం ఇంకా చాలామంది కాచుక్కూర్చున్నారు."

రెండు రోజులు కదలకండిగారికి తిండి సయించలేదు. ఎవరూ అడక్కుండా, తన కోసం తాను తీసుకున్న మంచి ఫోటో జన్మకొకటైనా ఉండాలని ఆయన ఆశ. అది కూడా ఎక్కువేనా అని బెంగపడ్డాడు.

ఉపాయం చెప్పింది భార్య. "నోట్లో నీళ్ళు పోసుకోండి. ఎలా మాట్లాడతారో చూస్తాను."

ఆవిడ సంగతి కూడా చెప్పాలి. ఆవిడకి ముందు పన్ను ఒకటి వంకర, పక్కదాని మీదికి ఎక్కి ఉంటుంది. అందుకని నవ్వొస్తే చెయ్యి దానంతటదే నోటికి అడ్డం వెళుతుంది. పెళ్ళయి ఇరవై ఎనిమిదేళ్ళు. ఇంట్లో ఆవిడ ఫోటోలు బోలెడున్నాయి, అన్నీ పెదాలు బిగించినవే. నవ్వుతుండగా తీస్తే చింపేస్తానంది, ఒకసారి కన్నెత్తి చూడకుండానే అన్నంత పనీ చేసింది.

బుధవారం ఉదయం కొట్టు మూసేసి ఇద్దరూ బయల్దేరారు. బుగ్గలు ఉబ్బించుకుని కెమెరాతో ఆయన ముందు, ఒక చేత గొడుగూ ఇంకో చేత నీళ్ళ సీసాల సంచీ పట్టుకుని ఆవిడ వెనక. పని దివ్యంగా సాగింది, ఒక్క చిక్కు తప్ప. ఆ బుగ్గలు చూసి జనం పనులు మానేసి ఆయన్నే చూడసాగారు. బూట్లు కుట్టే ఆయనైతే సూది గాల్లో ఆపి మరీ చూశాడు. రీలంతా అవే మొహాలు.

పెద్ద కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబుల్ ఆపాడు. "ఏం తీస్తున్నారు?"

కదలకండిగారు చేతులతో ఏదో చెప్పబోయాడు.

"అడిగేది మిమ్మల్నే. నోట్లో ఏముంది?"

గవర్నమెంటు మనిషి అడిగితే జవాబు చెప్పకుండా ఉండటం ఆయన ఎరగడు. "నీళ్ళండీ" అందామని నోరు తెరిచాడు. సగం నీళ్ళు పొలమారాయి, మిగతా సగం కానిస్టేబుల్ చొక్కా మీద పడ్డాయి. భార్య నవ్వింది. ఆపుకోలేక, సిగ్నల్ స్తంభానికి ఆనుకుని, కళ్ళు మూసుకుని నవ్వింది. అడ్డం పెట్టుకుందామంటే రెండు చేతులూ ఖాళీ లేవు. దగ్గుతూనే ఆయన బటన్ నొక్కేశాడు. రీలులో అదే ఆఖరిది.

డార్క్‌రూమ్‌లో తడి కాగితం మీద ఆ నవ్వు మెల్లగా తేలుతుంటే ఆయన దాని మీదికి వంగిపోయాడు. గొడుగు ఒరిగిపోయి, వంకర పన్నుతో సహా మొహమంతా నవ్వు. వెనకాల కానిస్టేబుల్ చొక్కా దులుపుకుంటున్నాడు. ఇంత మంచి ఫోటో ఆయన ఇదివరకు తీయలేదు, ఇకమీదట తీస్తాడన్న నమ్మకమూ లేదు. దాన్ని కవర్లో పెట్టి కెమెరా సంచీ అడుగున దాచేశాడు.

ఆదివారం సంఘానికి ఆయన పట్టుకెళ్ళింది బూట్లు కుట్టే మనిషి ఫోటో. మాస్టారు చూసి, మర్యాదగానే, ఇక రావద్దన్నాడు. కదలకండిగారు అరగంటలో ఇంటికొచ్చి పడ్డాడు.

భార్య ఆయన మొహం చూసి, చేతిలోంచి సంచీ అందుకుంది. సర్దబోతే కవరు చేతికి తగిలింది. ఫోటో బయటికి తీసింది.

"ఇదెందుకు చూపించలేదు?"

"గోడ మీద పెడతారు, ఊరంతా చూస్తారు. నీకిష్టం లేనిది ఎలా ఇవ్వను?" ఆయన నేల చూస్తూ అన్నాడు. "చింపకు. ఇంకెవరికీ చూపించను, నా దగ్గరే ఉంచుకుంటాను."

ఆవిడ ఫోటోని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది. వేలితో ఆ పన్నుని తడిమింది.

"నేను నవ్వితే ఎలా ఉంటానో ఇవాళే చూస్తున్నాను," అంది.

తర్వాత దాన్ని జాగ్రత్తగా కవర్లో పెట్టి, చెప్పులు వేసుకుంది. "లైబ్రరీ ఎన్నింటిదాకా తీసుంటుంది?"

"ఆరింటిదాకా. ఎందుకు?"

"నడవండి. ఈవిడెవరని మాస్టారు అడుగుతాడు కదా, నేనేనని నేనే చెప్తాను."