గాజు గిన్నెలో ఆర్కాటు రూపాయి

మా పక్కింటి టీచరమ్మ పోయారు. పొద్దున అంగడి తలుపు తీస్తుంటే ఫోను వచ్చింది. జమ్మలమడుగులో బంధువుల ఇంట్లో రాత్రి నిద్రలోనే ప్రాణం పోయిందని, మట్టి చేసేది కూడా అక్కడేనని చెప్పారు. తీసిన తలుపు మళ్లీ మూసేసి, మెట్ల మీద కూర్చొని ఏడ్చాను. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధిలో వెండికి మెరుగు పెట్టడం మా వంశవృత్తి. మెరవనిదాన్ని మెరిపిస్తేనే మాకు కూడు. పాత నాణేలను మెరిపించొద్దని ఆమె బతికినంత కాలం మాతో పోట్లాడారు. అలాంటి మనిషి కోసం మెరుగుపని చేసేవాడు అంగడి మూసుకొని ఏడ్చాడంటే, ఆమె ఎలాంటి మనిషో మీకు చెప్పాలి.

ఆమె జమ్మలమడుగులో పిల్లలకు చదువు చెప్పి, రిటైరయ్యాక మా పక్కింటికి వచ్చారు. పెళ్లి చేసుకోలేదు. ఆదివారం చర్చి, మిగతా రోజులు నాణేలు. వాటిని తనే కుట్టుకున్న కాగితం కవర్లలో పెట్టేవారు. ప్లాస్టిక్ కవర్లో పెడితే జిగట పట్టి పచ్చగా పాడవుతాయని చెప్పేవారు. నాణెం పట్టుకునే ముందు చేతులు కడుక్కొని, కొంగుకు తుడుచుకొని, అంచుల దగ్గర మాత్రమే వేళ్లు తగలనిచ్చేవారు. నేనొకసారి నాణెం ముఖం మీద బొటనవేలు పెడితే చేతి మీద ఒక్కటి వేశారు. అప్పటికి నాకు పెళ్లయింది కూడా!

మా నాయనకు ఫారసీ అక్షరాలు చదవడం వచ్చు. అందుకని ఆమె ఒక పాత వెండి రూపాయి తెచ్చి, దాని మీద ఏముందో చదివి పెట్టమన్నారు. చదువుకున్న ఆడమనిషి మా ఇంటికి పని చెప్పిందని మా నాయన పొంగిపోయి, అడగకుండానే దాన్ని యాసిడ్‌లో ముంచి, బ్రష్షు పట్టించి, తళతళలాడించి, గులాబీ రంగు కాగితంలో చుట్టి ఇచ్చాడు. టీచరమ్మ విప్పి చూసి తల పట్టుకున్నారు.

"అక్షరాలు చదివి పెట్టన్నా అంటే తోలు వలిచి పెట్టినావు గదన్నా!"

"మెరుస్తాంది గదమ్మా. ఇంకేం గావల్ల?"

"మెరిసేదే గావాలంటే స్టీలు గంటె కొనుక్కోనా నేను?"

నాణేలు కొనే ఆసామి ఎవడూ ఆ తర్వాత దాని వంక చూడలేదు. అయినా ఆమె మా నాయన మీద కోపం పెట్టుకోలేదు. పై పొర ఒకసారి పోతే మళ్లీ రాదని, కంటికి కనపడని గీతలు పడతాయని ఓపిగ్గా చెప్పారు. "మురికి బయటి నుంచి వస్తాది, నలుపు వెండిలో నుంచే వస్తాది. మురికిని నీళ్లకొదిలెయ్. నలుపు జోలికి పోవద్దు" అన్నది ఆమె మాట.

వీధిలో ఆడవాళ్లు పండగ ముందు పూజలో పెట్టే వెండి రూపాయలను చింతపండు, విభూది వేసి తోముతుంటే ఆమె ప్రాణం కొట్టుకునేది. "పళ్లేలు తోముకోండమ్మా, రూపాయల్ని ఇడిసిపెట్టండి" అని బతిమాలేవారు. "దేవుని దగ్గర మడ్డిది పెట్టమంటావా టీచరమ్మా?" అని వాళ్లు నవ్వేవాళ్లు. ఆమె గొణుక్కుంటూ ఇంట్లోకి పోయేవారు.

ఇక అసలు సంగతి, పాతికేళ్ల నాటిది. అప్పటికి మా నాయన కాలం చేశాడు, అంగడి నా చేతికొచ్చింది. ఎలక్షన్లంటే పల్లెల్లో జీపు చప్పుడుకు తలుపులు మూసుకునే రోజులు. ఒక మధ్యాహ్నం తొండూరు దిక్కు పల్లె నుంచి ఒకామె వచ్చి, కొంగు ముడి విప్పి, నవాబుల కాలం నాటి ఆర్కాటు వెండి రూపాయి నా ముందు పెట్టింది. ఒక పక్కంతా గోధుమరంగు మరక ఎండి పెళుసుబారి ఉంది.

"కొత్తదాని మాదిరి తోమియ్యప్పా. మరక కనపడగూడదు" అంది. నేను యాసిడ్ గిన్నె దగ్గరికి లాక్కున్నాను. "నా మొగుని జోబీలో ఉన్నింది. ఆయప్పను నరికినప్పుడు."

గిన్నె పక్కకు నెట్టేశాను. వాళ్లింట్లో ఒక ఆనవాయితీ ఉందట. పార్టీ పని మీద ఇంటి మగవాడు బయటికి పోతే ఆ రూపాయి జేబులో ఉండాలి. అది లేకుండా గడప దాటరు. మామ పోయాక మొగుడి జేబులోకి వచ్చింది. ఇద్దరిలో ఎవరినీ కాపాడలేదు. "ఇప్పుడు నా కొడుకు జోబీలో ఏసుకుంటానంటాండు. మరక సూసినప్పుడల్లా పగ గుర్తుండల్లంట. మరక పోతే వాని మనసు మారుతాదేమోనని నా ఆశప్పా" అని బోరుమంది.

మా ఇల్లు అంగడి వెనకే. పక్కనుంచి టీచరమ్మను పిలుచుకొచ్చాను. ఆమె భూతద్దం పెట్టి చూస్తుండగానే బయట జీపు ఆగింది. మీసం సరిగ్గా రాని కుర్రాడు లోపలికి దూసుకొచ్చాడు.

"ఇట్లాంటి పని జేస్తావనే వచ్చినా. ఇట్లియ్యిమ్మా దాన్ని!" అని అరిచి, టీచరమ్మను చూసి ఠక్కున నిలబడ్డాడు. జమ్మలమడుగులో ఆమె దగ్గర చదివిన పిల్లోడే. "నమస్తే టీచర్. దాన్ని ముట్టుకోవద్దండి. ఆ మరక అట్లే ఉండల్ల."

"మీయమ్మకు తళతళ మెరవల్ల, నీకు మరకుండల్ల. మీ ఇద్దరి మాటా నేను ఇనను" అన్నారామె. "నెత్తుర్లో ఉప్పుంటాది. అట్లే ఇడిస్తే వెండిని తినేస్తాది. అక్షరాలన్నీ పోయినాక ఇంక మీ నాయన గుర్తని ఏం జూసుకుంటావురా? నువ్వే నీళ్లలో నానబెట్టు. రోజూ నీళ్లు మార్చు. రుద్దేది మాత్రం లేదు. అయ్యేదాకా మా ఇంట్లో ఉండు."

ఎన్నికలు దగ్గరికొచ్చాయని వాడు నసిగాడు. టీచరు ముందు ఆ నసుగుడు ఎంతసేపు నిలుస్తుంది! ఆమె గాజు గిన్నె తెచ్చి, బ్యాటరీలకు పోసే శుద్ధమైన నీళ్లు కొనుక్కురమ్మని వాణ్ణే పంపారు. "వేడినీళ్లు పొయ్యద్దు, మరక పట్టుకుంటాది" అని నాకు చెప్పబోతే, ఆ తల్లి అడ్డం వచ్చింది. "నెత్తుటి మరక చన్నీళ్లకే పోతాదని ఆడదానికి ఎవురు నేర్పల్ల టీచరమ్మా!" ఆ మాటకు ఇద్దరాడవాళ్లూ ఒకరినొకరు చూసుకున్నారు.

జీపులో పార్టీ మనుషులు కుర్రాడి కోసం మళ్లీ మళ్లీ వచ్చారు. వచ్చినప్పుడల్లా టీచరమ్మ గిన్నె చూపించేవారు. "రూపాయి నీళ్లల్లో ఉంది నాయనా. అది లేకుండా వీళ్లింటి మొగోడు గడప దాటడంట గదా." ఆనవాయితీ అంటే వాళ్లకూ భయమే. తలలు గోక్కుంటూ పోయేవాళ్లు.

ఒక సాయంత్రం నేను గిన్నెలోకి తొంగిచూశాను. వెండి సంగతి నాకు తెలియదా! మరక ఎప్పుడో కరిగిపోయింది, పాతకాలపు నలుపు మాత్రం చక్కగా నిలబడి ఉంది. చెప్పబోయాను. టీచరమ్మ భూతద్దంలోంచి నా వైపు ఒక చూపు చూసి, "నమాజుకు టైమైనట్టుందే, పోయిరాప్పా" అన్నారు. తర్వాత కుర్రాడి వైపు తిరిగి, "ఇంకా పోలేదురా. నీళ్లు మార్చు" అన్నారు. నేను మసీదు దారి పట్టాను. అబద్ధమాడితే పిల్లల్ని బెంచీ ఎక్కించిన మనిషి ఆమె.

పోలింగు ముందురోజు ఆ జీపు మీద బాంబులు పడ్డాయి. కుర్రాడు కూర్చునే ముందు సీట్లో ఉన్నవాడు మిగల్లేదు. వార్త తెలిసి నేను పరుగెత్తేసరికి కుర్రాడు గిన్నె ముందు కూర్చొని నీళ్లలోకే చూస్తున్నాడు.

"టీచర్, మరక ఎప్పుడో పోయింది గదా?"

"పోయింది లేరా."

"మరి పోలేదని ఎందుకు జెప్తాంటిరి?"

"అబద్ధం జెప్పినా. దేవునికి నేనే జెప్పుకుంటాలే. నువ్వు లేసి బువ్వ తిను."

వాడు ఆమె ఒళ్లో తల పెట్టి ఏడ్చాడు. ఆమె రూపాయిని తీసి, మెత్తటి నూలుగుడ్డ మీద అద్ది, కాగితం కవర్లో పెట్టి తల్లి చేతికి ఇచ్చారు, కొడుకు చేతికి ఇవ్వలేదు. నీళ్ల కోసం రోజూ పోయిన బ్యాటరీల అంగట్లోనే వాడు పనికి కుదిరాడు. మళ్లీ జీపెక్కలేదు.

నా అంగట్లో ఇప్పటికీ పాత నాణేనికి యాసిడ్ తగలదు. బేరం పోతే పోనీ. ఆమె పుణ్యాన నాకు అబ్బిన బుద్ధి అది. అలాంటి మనిషి గోడ పక్కనే ఇన్నేళ్లు బతకనిచ్చినందుకు అల్లాకు మొక్కుకుంటున్నాను.

జమ్మలమడుగులో మట్టి చేసేటప్పుడు ఆ తల్లి, కొడుకు వచ్చారు. వాడు అందరికంటే ముందు వంగి, దోసిళ్లతో మట్టి పోశాడు. గాలికి కొంత వాడి తల మీదే పడింది. వాడి తల సగానికి పైగా తెల్లబడిపోయింది. తల్లి వాణ్ణే చూస్తూ నాతో మెల్లగా అంది.

"మా ఇంట్లో తల నెరిసిన మొగోడు వీడొక్కడే అప్పా."

వాడు లేచి పక్కకు వచ్చాడు. తల్లి చెయ్యెత్తి ఆ తెల్లవెంట్రుకల్లోని మట్టి దులిపింది. దులపడం అయిపోయాక కూడా చెయ్యి తియ్యలేదు.