కెప్టెన్‌గారి హాజరు పట్టీ

మా ఆయన ఆసా విట్కమ్‌కి హాజరు పిలవనిదే ముద్ద దిగదు. ఇంట్లో ఉన్నది ముగ్గురు పిల్లలు. మొక్కజొన్న రొట్టె చల్లారిపోతున్నా సరే, ముగ్గురి పేర్లూ పిలవాల్సిందే. ఏడేళ్లు మా ఒహాయో ఊరి బడిలో పాఠాలు చెప్పాడు. ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య యుద్ధం వచ్చినప్పుడు కుర్రాళ్లంతా చేతులెత్తి ఆయన్నే కెప్టెన్‌గా ఎన్నుకున్నారు. ఆయన బెత్తం రుచి చూసినవాళ్లే ఓట్లేశారు, ఏం చెప్పను! తిరిగొచ్చాక శాసనసభకూ పంపారు. అక్కడా ఎవరెవరు రాలేదో రాసుకుంటూ కూర్చునేవాడట.

నిరుడు వసంతంలో యుద్ధంలో పోయిన మా ఊరివాళ్లకు రాయి నిలబెట్టారు. పన్నెండు పేర్లు, అక్షరక్రమంలో, యుద్ధంలో మా ఆయన రాసిన దళం హాజరు పట్టీ చూసి చెక్కినవి. కెజయా టటిల్ ఒక్కగానొక్క కొడుకు ఆరిన్ పేరు మాత్రం లేదు. పట్టీలో వాడి పేరు ఎదురుగా 'చెప్పకుండా పారిపోయాడు' అని ఉంది మరి. కెజయా ఆ రాయి ముందు నుంచి పోలేక చుట్టుతిరిగి చర్చికి వెళ్లేది.

రాయి చూడ్డానికి అయోవా నుంచి వచ్చిన జోనా పెక్ అసలు సంగతి చెప్పాడు. అతను యుద్ధంలో పక్క దళంవాడు. ఆరిన్ కనబడకుండా పోయిన ఉదయం, వాడు అందరికీ నీళ్లు తేవడానికి వాగుకు వెళ్లాడట. గుండు తగిలి వాడు ప్రవాహంలో కొట్టుకుపోవడం జోనా కళ్లారా చూశాడట.

రాసింది రాసిందేనని మా ఆయన భీష్మించుకున్నాడు. శరత్కాలంలో ఎన్నికలున్నాయి, ఎదుటివాళ్లు ఊరుకుంటారా అని నసిగాడు. నాకు ఒళ్లు మండింది.

"తప్పు రాసిన పిల్లల్ని అందరి ముందూ నిలబెట్టి పలక చెరిపించేవారుగా. మీ పలక ఎవరు చెరపాలి?" అన్నాను.

రెండురోజులు ఇంట్లో హాజరు పిలవలేదు. మూడోరోజు ఊరి సభ ఆ పాత బడిగదిలోనే జరిగింది. అక్కడ లేచి నిలబడ్డాడు. ఆరిన్ బడికి రోజూ ఆలస్యంగా వచ్చేవాడు కాబట్టి, వెతికించకుండానే అలా రాసేశానని, తప్పంతా తనదేనని చెప్పాడు. మనుషుల్ని లెక్కపెట్టడం రాని కెప్టెనని ఎదుటివాళ్లు ఊరూరా చాటారు. సీటు పోయింది.

ఈ వసంతంలో, సైనికుల సమాధులకు పూలు పెట్టే రోజున, రాయి మీద ఆరిన్ పేరుంది. పైన చోటు లేక అట్టడుగున చెక్కారు. అది చూశాడో లేదో, అక్షరక్రమం తప్పింది, రాయి మార్పించాలని మా ఆయన మొదలుపెట్టాడు. ఈ మనిషితో వేగలేననుకున్నాను.

కెజయా ఆ అక్షరాలు తడుముతూ అంది: "ఉండనీండి మాస్టారూ. వాడెప్పుడూ ఆలస్యంగానేగా వచ్చేది. వచ్చాడు, చాలు."