రెండే సీట్లు

మా ఆవిడకి బస్సు పడదు. కారు అసలే పడదు. బందరు బస్టాండులో ఎక్కేటప్పుడే చేతిలో నిమ్మకాయ, ఒళ్ళో ప్లాస్టిక్ కవరు సిద్ధంగా ఉంటాయి. పెడన వచ్చేలోపే ఆ కవరుతో పని పడుతుంది. అందుకని ఇరవై రెండేళ్ళుగా పొరుగూరి పెళ్ళిళ్ళకి నేనొక్కణ్ణే వెళ్ళి, "ఆవిడకి ఒంట్లో బాగాలేదండీ" అని చెప్పి, ఇద్దరి భోజనమూ చేసి వస్తున్నాను.

ఆవిడ లెక్కల టీచరు. బడి ఇంటినుంచి స్కూటీ మీద పది నిమిషాలు. పోయిన వేసవిలో హెడ్మిస్ట్రెస్‌గా ప్రమోషన్ వచ్చింది. వేసింది మాత్రం పెదపారుపూడి దగ్గర. అంటే బందరు నుంచి గుడివాడ, అక్కణ్ణించి ఇంకా ముందుకి, రోజూ, రానూ పోనూ. రైలు టైములు బడికి కుదరవు. ఇల్లు మారదామంటే నా కళ్ళజోళ్ళ కొట్టు ఇక్కడ. చివరికి ఒక తెల్లకాగితం మీద ప్రమోషన్ వద్దని అర్జీ రాసి, సంతకం పెట్టకుండా బీరువాలో పెట్టింది. బళ్ళు తెరిచేలోపు వెళ్ళి చేరాలి, లేదా ఆ కాగితం ఇచ్చెయ్యాలి. అది రాసిన రోజు ఆవిడ అన్నం తినలేదు. సర్వీసంతా ఆ కుర్చీ కోసమే చూసిన మనిషి. నాకు చాలా బాధేసింది.

బాధేస్తే నేను ఊరుకునే రకం కాదు, ఆలోచిస్తాను. అదే నాతో వచ్చిన చిక్కు. స్కూటీ మీద ఆవిడకి ఏనాడూ వాంతి రాలేదు. ఎందుకు రాలేదు? మొహానికి గాలి తగులుతుంది కాబట్టి! అయితే టాపు లేని కారు కొంటే సరి. ఊరందరి కళ్ళకీ పవరు చెప్పేవాణ్ణి, ఆ మాత్రం కనిపించదా అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

గుడివాడలో మాకు తెలిసిన ఒక రైస్ మిల్లు ఓనరు గారి షెడ్డులో అలాంటిది ఒకటుంది. పాత స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, మడిచిపెట్టే టాపు. ఎవరు ఏ మోజులో కొన్నారో గానీ ఏళ్ళ తరబడి ఊక బస్తాల వెనకే ఉంది. "మీరు అడగడమే మాకు పండగండీ, పట్టుకెళ్ళండి" అన్నారాయన. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. మేం ఊకను తవ్వి పదకొండు ఎలుకల్ని, వాటి కింద ఒక ఇంజనునీ పట్టాం.

గుడివాడలోనే లారీలు బాగుచేసే మెకానిక్ ఒకాయన, పరిచయం ఉన్నా లేకపోయినా అందర్నీ బావగారూ అంటాడు. కారు చుట్టూ రెండుసార్లు తిరిగి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఇది కారు కాదు బావగారూ, చెప్పుల జత. దారిలో గేదె పేడ వేసిందనుకోండి, దాని మీంచి పోలేదిది."

కాబట్టి మొదటి మార్పు ఎత్తు. స్ప్రింగులు మార్చి, పెద్ద టైర్లు వేశాక కాలవ దాటడానికి పంచె ఎగ్గట్టిన మనిషిలా నిలబడింది. ఎలుకలు కొరికిన వైర్లన్నీ తీయించాను. బ్రేకులు కొత్తవి వేయించాను. బందరు ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా అడుగున లారీలకి కొట్టే నల్లరంగు కొట్టించాను. హారన్ కూడా లారీదే పెట్టాడు. ఇంత చిన్న కారు నుంచి ఆ కూత వస్తుందని తెలియక గుడివాడలో ఒక పెద్దాయన సైకిలు దిగి లారీ కోసం వెతికాడు.

పాత టాపు చీకిపోయింది. కొత్తది బందరులో ఆటోలకి టాపులు కుట్టే ఆయన చేత కుట్టించాను. పని గట్టిది, మాట లేదు. కాకపోతే చెయ్యి అలవాటు కొద్దీ చుట్టూ పసుపు అంచు వేసి, దానికి కుచ్చులు వేలాడదీశాడు.

"కుచ్చులెందుకండీ?"

"అవి ఊరికేనండీ, మీకని వేశాను."

ఊరికే వేసినవాటిని పీకమని ఎలా అంటాం? ఉంచేశాను. ఆ టాపు వెయ్యాలంటే చెరో పక్కా ఒక మనిషి నిలబడి లాగాలి. నాకదీ నచ్చింది. ఎందుకంటే నా పథకంలో నేను ఉన్నాను. పొద్దున ఆవిణ్ణి బడి దగ్గర దింపి, తిరిగొచ్చి కొట్టు తెరిచి, మధ్యాహ్నం మూసి, మళ్ళీ వెళ్ళి తీసుకురావడం.

"మరి మీ కొట్టు?" అంది ఆవిడ.

"నేనున్నాగా, చూసుకుంటాలే" అన్నాను.

అసలు ఆవిడకి కారు లైసెన్సు ఉంది. ఎప్పుడో ఒక వేసవి సెలవుల్లో డ్రైవింగ్ స్కూలుకెళ్ళి నేర్చుకుంది. అప్పట్లో మాకు చిన్న కారుండేది. ఆవిడ తాళం అడిగినప్పుడల్లా నేను ఇదే మాట అనేవాణ్ణి, నేనున్నాగా అని. ఆ లైసెన్సు బీరువాలో పట్టుచీరల మధ్య, ఇప్పుడు ఆ అర్జీ పక్కన ఉంది.

ఇక మిగిలింది మెరుపు. హెడ్‌లైట్ల చుట్టూ రింగులు, బంపరు, తలుపుల అంచులు ఒకప్పుడు వెండిలా ఉండేవి, ఇప్పుడు తుప్పు. చిలకలపూడిలో రోల్డ్‌గోల్డ్ నగలు చేసే ఒకాయన మా కొట్లోనే కళ్ళజోడు చేయించుకుంటాడు. పూత పని వాళ్ళకి కాక ఇంకెవరికి తెలుసు? అన్నీ ఊడదీసి ఇచ్చి, "బాగా మెరవాలండీ" అన్నాను. వెండి రంగు అని చెప్పలేదు. చిలకలపూడిలో మెరవడమంటే ఒకటే రంగని నాకు తట్టలేదు. వారం తర్వాత విప్పి చూస్తే అన్నీ బంగారం.

"సబ్బు, సెంటు తగలనివ్వకండి. చాలా ఏళ్ళుంటుంది" అన్నాడాయన.

బిగించి ఇంటి ముందు పెట్టాక మా ఆవిడ గుమ్మంలోంచి చాలాసేపు చూసింది. "నాకు లేని వడ్డాణం దీనికి చేయించారన్నమాట" అని నవ్వింది. అర్జీ రాసిన తర్వాత ఆవిడ నవ్వడం అదే మొదలు. పనిలో పడిన తిప్పలన్నీ మర్చిపోయాను.

బళ్ళు తెరవడానికి వారం ఉందనగా, ఒక ఆదివారం మోపిదేవి బయల్దేరాం. స్వామి దర్శనం, బండికి పూజ, పనిలో పనిగా పరీక్ష. మామూలు కారులో అయితే అద్దం ఎత్తుకుని మొహం చాటెయ్యొచ్చు. ఇందులో దాక్కునే చోటే లేదు. కనబడ్డ ప్రతివాళ్ళూ "ఎక్కడికండీ?" అనడం, నేను జవాబు చెప్పడం. ఒకాయన బండి పక్కనే మోటార్‌సైకిల్ నడుపుతూ రెండు మైళ్ళు కబుర్లు చెప్పాడు.

కొత్తమాజేరు దాటాక ఆవిడ మాట తగ్గింది.

"గాలి బాగా వస్తోందా?"

"వస్తోంది."

"మరి ఎలా ఉంది?"

జవాబు రాలేదు. చల్లపల్లి దగ్గర వచ్చింది, వాంతి రూపంలో. అద్దం దించే పని లేకపోవడం ఒక్కటే ఆ కారు వల్ల కలిగిన లాభం. రోడ్డు పక్క చెరుకురసం బండి నడిపే ఆవిడ చెంబుతో నీళ్ళు పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. మా ఆవిడ వీపు రాస్తూ, నా వైపు చూసి, "విశేషమాండీ?" అని ఆప్యాయంగా అడిగింది.

యాభైకి దగ్గర పడిన హెడ్మిస్ట్రెస్‌ని పట్టుకుని! నాకు నవ్వాగలేదు. నవ్వకుండా ఉండాల్సింది. మోపిదేవి చేరేలోగా ఇంకోసారి అయింది.

గుడి దగ్గర దిగేసరికి నాకు ఏడుపొక్కటే తక్కువ. రెండు నెలల పని, ఎలుకలు, కుచ్చులు, వడ్డాణం, అంతా బూడిదలో పోసిన పన్నీరు. ఆ అర్జీ మీద ఇక సంతకం పడుతుంది. పూజారిగారు నాలుగు చక్రాల కిందా నాలుగు నిమ్మకాయలు పెట్టించారు. ఐదోది మా ఆవిడ చేతిలో ఉంది.

తిరుగు ప్రయాణానికి ఆవిడ తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"నేను ఆ సీట్లో కూర్చోను."

"మరి..." అంటూ వెనక్కి చూశాను. మామూలు కారైతే వెనక సీటుండేది, పడుకో అనేవాణ్ణి. ఇక్కడ వెనక ఏముంది? కుచ్చులున్నాయి. ఉన్నవి రెండు సీట్లు, అందులో ఒకటి వద్దంటోంది. ఆవిడ లెక్కల టీచరు కాబట్టి నాకంటే ముందే తేల్చుకుంది. చుట్టూ తిరిగొచ్చి నా పక్క తలుపు తీసింది.

"దిగండి."

నిమ్మకాయ నా చేతిలో పెట్టి బండి తీసింది. మొదట్లో రెండుసార్లు ఆగిపోయింది, ఆ తర్వాత ఆగలేదు. దారిలో "ఎక్కడికమ్మా?" అన్నవాళ్ళందరికీ తనే జవాబు చెప్పింది. కాసేపటికి పాట కూడా అందుకుంది.

"ఏవండీ, నాకేం అవట్లేదు. డ్రైవింగ్ స్కూల్లో కూడా నడిపినప్పుడు ఏమీ అయ్యేది కాదు. ఇప్పుడు గుర్తొస్తోంది."

చాలా ఏళ్ళ తర్వాత పక్క సీట్లో కూర్చున్నవాణ్ణి, మలుపు ఎప్పుడొస్తుందో, బ్రేకు ఎప్పుడు పడుతుందో తెలియక కడుపులో తిప్పేస్తోంది. నిమ్మకాయ వాసన చూసుకుంటున్నాను. చల్లపల్లిలో సరిగ్గా ఆ చెరుకురసం బండి దగ్గరే తల బయటికి పెట్టాను.

ఆ ఇల్లాలు మళ్ళీ చెంబుతో వచ్చింది. "అయ్యో, ఇప్పుడు మీవారికా అండీ?"

"అవునమ్మా, విశేషమే" అంది మా ఆవిడ.

నోరు కడుక్కుంటూ సిగ్గుతో చచ్చిపోయాను. వాంతికి కాదు. స్కూటీ మీద ఆవిడకి సుఖంగా ఉన్నది గాలి వల్ల కాదు, హ్యాండిల్ తన చేతిలో ఉండటం వల్ల. ఇరవై రెండేళ్ళు నేనున్నాగా అంటూ ఆ మనిషిని పక్క సీట్లో కూర్చోబెట్టింది నేను.

బళ్ళు తెరిచిన రోజు పొద్దున్నే మబ్బు పట్టింది. జడ చుట్టూ తువ్వాలు కట్టుకుని, పక్క సీట్లో బ్యాగూ క్యారియరూ పెట్టుకుని, లారీ హారన్ ఒకసారి మోగించి ఆవిడ వెళ్ళిపోయింది. నేను గేటు దగ్గరే నిలబడ్డాను. వర్షం వస్తే టాపు ఎలా, రెండో పక్క ఎవరు లాగుతారు, వెనకాలే బస్సెక్కి వెళ్దామా అని చెప్పులు కూడా వేసుకున్నాను.

ఫోను కోసం లోపలికొస్తే వంటింట్లో కుక్కరు పెట్టిన స్టవ్వు పక్కన ఒక కాగితం ఉంది. ఒకవైపు ఆ అర్జీ, సంతకం లేకుండానే, అడ్డంగా కొట్టేసి ఉంది. రెండోవైపు నాకు చీటీ రాసింది.

"మూడు విజిల్స్ రాగానే కట్టెయ్యండి. పెరుగు ఫ్రిజ్‌లో ఉంది. కొట్టు టైముకి తెరవండి. టాపు నేనొక్కదాన్నే వేసుకోగలను, నిన్న మీరు లేనప్పుడు వేసి చూశాను."