తలనొప్పి బిళ్ళలు

మా తమ్ముడి చావుకు పిచ్చి డాక్టరిచ్చిన మందులే కారణమని రాజోలు దగ్గరి మా ఊళ్ళో ఈనాటికీ అంటారు. ఆ మాట పుట్టినప్పుడు కాదనగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. అనలేదు.

డెబ్బైల చివర్లో నెలకోసారి కాకినాడ నుంచి ఒక మానసిక వైద్యుడు వచ్చి మా చర్చి బడి వరండాలో కూర్చునేవారు. మందులు ఊరికే ఇచ్చేవారు. ఆయనతో వచ్చే నర్సమ్మగారు ఇళ్ళకు వెళ్ళి, మందులు వేసుకుంటున్నారో లేదో కనుక్కునేవారు.

తమ్ముడు అమలాపురంలో ఇంటర్ మధ్యలో మానేసి ఇంటికొచ్చాడు. కంచం ముందు కూర్చుని, ఎదుట ఎవరూ లేకపోయినా ఎవరికో జవాబు చెబుతుండేవాడు. ఒక పొద్దున తనంతట తనే అడిగాడు.

"అన్నయ్యా, నన్నా డాక్టరుగారికి చూపించవా? ఎవరో చచ్చిపొమ్మంటన్నారు. మానట్లేదు. నా వల్ల కావట్లేదు."

తీసుకెళ్ళాను. తీరా చూస్తే వరండాలో చీటీలు రాస్తున్నది నాకు కుదిరిన పిల్ల మేనమామ.

"ఏవండోయ్, కొత్త పెళ్ళికొడుకుగారు! ఇలా వచ్చేరేంటండీ?" అన్నారు.

ఇంట్లో పిచ్చి ఉందని తెలిస్తే ఆ సంబంధం నిలవదు. డాక్టరుగారు తమ్ముణ్ణి ఏమిటి బాధ అని అడిగారు. వాడు నోరు తెరిచేలోపే "తలనొప్పండీ" అన్నాను.

"నిద్ర పడుతోందా?"

"ఆయ్, గుర్రు పెట్టి మరీ పడుకుంటాడండీ."

డాక్టరుగారు నన్ను వదిలి వాడివైపు వంగారు. "చెవిలో ఎవరైనా మాట్లాడినట్టుంటుందా బాబూ?"

తమ్ముడు నా ముఖం చూశాడు.

"మా అమ్మ కేకేస్తేనే వినపడదండీ ఈడికి. ఇంకెవరి మాట వింటాడండీ!" అన్నాను.

మేనమామగారు పగలబడి నవ్వారు. వరుసలోవాళ్ళూ నవ్వారు. చివరికి తమ్ముడు కూడా నవ్వాడు. డాక్టరుగారు మాత్రం నవ్వలేదు. వచ్చే నెల అబ్బాయిని ఒక్కణ్ణే పంపమని చెప్పి, అప్పటికి తలనొప్పి బిళ్ళలు ఇచ్చారు.

ఆ నెల రాకముందే తమ్ముణ్ణి కాలవలోంచి తీశారు.

పరామర్శకు వచ్చిన మేనమామగారే మొదట అన్నారు. "తలనొప్పని వెళ్ళిన కుర్రోడికి పిచ్చి మందులు మింగిస్తే మతి పోదేంటండీ?" అందరూ నావైపు తిరిగారు. తల దించుకున్నాను.

వరండాకు జనం రావడం తగ్గిపోయింది. మా వీధి చివర ఉండే ఒకామె కూతురు అక్కడి మందులతోనే తేరుకుని, జడ వేసుకుని, కొబ్బరి పీచు పనికి పోతుండేది. ఆ తల్లి నన్ను రేవు దగ్గర ఆపింది.

"బాబుగారూ, మీరు చదూకున్నోరు. ఆ బిళ్ళలేనాండీ మీ తమ్ముణ్ణి చంపినియ్యి? మా పిల్లకి మానిపించెయ్యమంటారా?"

ఆమె చేతిలో మందుల పొట్లం ఉంది. చర్చిలో మా పెళ్ళి ప్రకటన అప్పటికే చదివారు.

"ఏమోనండీ, నాకేం తెలుస్తుంది," అన్నాను.

ఆమె పొట్లం నీళ్ళలోకి విసిరేసింది. వానాకాలం మొదలయ్యేసరికి ఆ పిల్లను పెరట్లో కొబ్బరిచెట్టుకు కట్టేశారు.

పెళ్ళయి కాపురానికొచ్చిన నా భార్య, ఎవరండీ అలా అరుస్తున్నారు అని అడిగింది.

"ఎవరో పిచ్చిపిల్ల లే," అన్నాను. లేచి కిటికీ వేశాను.