రాడ్డు పట్టుకోని కాళ్లు

పులివెందుల నుంచి జమ్మలమడుగు మీదుగా ప్రొద్దుటూరు పోయే బస్సులో నేను కండక్టర్‌ని. ఒక చేతిలో టికెట్ మిషన్, ఇంకో చేతిలో చిల్లర. రాడ్డు పట్టుకోవడానికి మూడో చెయ్యి దేవుడు ఇవ్వలేదు. పాదాలు ఎడంగా పెట్టి, ఒకటి కాస్త డ్రైవర్ వైపు తిప్పి, మోకాళ్లు బిగించకుండా వదిలేస్తే బస్సు ఎటు ఊగినా నడుము దాని వెంట పోతుంది. కొత్తగా చేరినవాళ్లు కర్రలా బిగుసుకుని, మొదటి గుంతకే ఎవరి ఒళ్లోనో కూలబడతారు. ఈ విద్య వచ్చినందుకు నాకు పొగరు ఉండేది. ఉంటే తప్పేంటి? నేను పొగరుగా ఉండటానికి ఇంకేముంది గనక!

ఒకరోజు మా అమ్మాయి ఫోన్‌లో వీడియో చూపించింది. సముద్రం మీద పలకలెక్కి, అలతో పాటు జారిపోతున్న మనుషులు.

"చూడమ్మా, వీళ్లు గూడా నీ మాదిరే నిలబడతాండారు" అంది.

నేను అలను చూడలేదు, వాళ్ల మోకాళ్లు చూశాను. అచ్చం మా పద్ధతే. ఆ నిలకడ కోసం రోజూ గుంజీలు తీస్తారట, ఒంటికాలి మీద నిలబడి సాధన చేస్తారట.

"వాళ్లు పడితే నీళ్లే గదే. నేను పడితే ఇనుము" అన్నాను.

అప్పటికే నా అరికాళ్లు మొద్దుబారుతున్నాయి. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. షుగర్ వల్ల స్పర్శ పోతోందని డాక్టర్ చెప్పాడు. డిపోలో ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే బస్సు దింపి, ఏ మూలనో కుర్చీలో పడేస్తారు. బస్సు దిగితే నేనెవరో నాకే తెలియదు. అదీ నా భయం.

ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక బస్సులు కిక్కిరిసిపోయాయి. వీపులు, మోచేతులు, చీనీకాయల సంచులు. ఊపిరాడక తిట్టుకునేదాన్ని. కానీ ఆ రద్దీలో ఒక్కసారి కూడా తూలలేదు. నా కాళ్లు బ్రహ్మాండంగా ఉన్నాయి, ఆ డాక్టర్‌కేం తెలుసు అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం జమ్మలమడుగులో జనం దాదాపు అంతా దిగిపోయారు. ఊరు దాటాక గొర్రెలు అడ్డమొస్తే డ్రైవర్ బ్రేకు వేశాడు. గట్టిగా కూడా కాదు. నేను దబ్బున పడ్డాను. కింద పడి ఉండగానే విషయం అర్థమైంది. ఇన్నాళ్లూ నన్ను నిలబెట్టింది చుట్టూ ఉన్న జనం. నా కాళ్లు ఎప్పుడో చేతులెత్తేశాయి.

డ్రైవర్ వచ్చి లేపాడు. "ఏందక్కా, మెల్లగానే గదా తొక్కింది" అన్నాడు. దెబ్బ కంటే ఆ మాటకే ఎక్కువ ఏడుపొచ్చింది.

ప్రొద్దుటూరులో వైద్య పరీక్షకు పంపారు. పాదాలు దగ్గరగా పెట్టి, కళ్లు మూసుకుని నిలబడమన్నాడు అక్కడి డాక్టర్. కళ్లు మూశానో లేదో, గది పక్కకు ఒరిగింది. ఆయన నా రెక్క పట్టుకున్నాడు.

"ఈడ నేల కదలడం లేదు సార్. బస్సులో నిలబెట్టి చూడండి" అన్నాను.

ఆయన నవ్వలేదు. "తొడల్లో బలం బాగానే ఉందమ్మా. నేల ఎక్కడుందో పాదాలకు తెలియడం లేదు" అని, ఇక బస్సు డ్యూటీ వద్దని రాసేశాడు.

తిరిగి పులివెందుల బస్సు ఎక్కాను. లోపల కాలు పెట్టడానికి సందు లేదు. అందులో కండక్టర్ నాకు బాగా తెలిసిన పిల్ల. నా సంగతి అప్పుడే డిపోలో పాకిపోయినట్టుంది. నన్ను చూడగానే మొహం చిన్నబుచ్చుకుంది. ఇంత జనంలో నేను పడనే పిల్లా అని చెబుదామనుకున్నాను. అంతలోనే ఆమె జనం వైపు తిరిగింది.

"ఎవరన్నా ఒకరు లేయండప్పా, మా అక్కకు నిలబడేకి కాదు" అని బస్సంతా వినపడేలా అరిచింది.

కిటికీల పక్కనున్న కుర్రవాళ్లు ఫోన్లలోంచి తల ఎత్తలేదు. లేచింది ఒక అవ్వ. నాకంటే ఎంత లేదన్నా పదేళ్లు పెద్దది.

"రామ్మే, కూచో" అంది.

కూర్చున్నాను. ప్రొద్దుటూరు దాటి, తను దిగేదాకా ఆమె నా పక్కనే నిలబడింది.